పాచిలో కీత్

గురువారం ఉదయం ఏడున్నరకి లిండ్సే ప్రూయెట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. డెస్లీని బస్సెక్కించడం, తిరిగొచ్చి టీ కాచుకోవడం, పదహారు రోజులపాటు ఆవిడ ఇంట్లో ఉండి మూడు చేపలకి మేత వెయ్యడం, ఆవిడ రాగానే పెళ్ళికి "సరే" అనిపించుకోవడం. ఆ ఒక్క మాట కోసం పద్నాలుగు నెలలుగా ఆవిడ గుమ్మం చుట్టూ తిరుగుతున్నాడు. ముప్పై అయిదేళ్ళు తపాలా ఆఫీసులో ఉత్తరాలు గూళ్ళలో సర్దుకుంటూ పెళ్ళి ఊసే ఎత్తని మనిషి, అరవయ్యొకటో ఏట అడిగాడు. అడగడానికే అంత కాలం పట్టినవాడికి జవాబు కోసం పద్నాలుగు నెలలు ఒక లెక్కా?

ఆస్ట్రేలియాలో చలి మొదలయ్యేది మేలోనే. మే నెల వస్తే టూవూంబా కొండమీద పొగమంచు దిగి కూర్చుంటుంది, ఎవరు పొమ్మన్నా పోదు. బస్సు ఎక్కడ ఆగిందో చప్పుడును బట్టి కనుక్కోవలసి వచ్చింది.

"పొద్దున ఒక చిటికెడు, సాయంత్రం ఒక చిటికెడు. అంతే, గుర్తుందిగా?" అంది డెస్లీ మెట్టు మీద కాలు పెట్టి.

"గుర్తుంది."

"పై శనివారం కాక ఆ మీద శనివారం చేపల సంఘం వాళ్ళు తొట్లు చూడ్డానికొస్తారు. నేనూ ఆ పొద్దుటికే వచ్చేస్తాను."

"మరి నా సంగతి, డెస్లీ?"

ఆవిడ అతని కోటు గుండీ సర్దింది. "తిరిగొచ్చి ముందు ఆ తొట్టి చూస్తాను. ఆ తర్వాత నీకు జవాబు చెప్తాను. మా చెల్లెలు వార్విక్‌లో స్టేషన్ దగ్గర నుంచుని ఉంటుంది, వెళ్ళనీ నన్ను."

బస్సు మంచులోకి వెళ్ళి కరిగిపోయింది. లిండ్సే ఇంటిదారి పట్టాడు, గుండెలో రాయి పడ్డట్టుగా. తొట్టి చూసి జవాబు చెప్తుందట! అంటే ఇది పరీక్ష. చేపలు బతికితే పెళ్ళి, చస్తే లేదు. అతని చేతిలో అప్పటిదాకా ఒక్క జిల్లేడు మొక్క కూడా నిలిచిన పాపాన పోలేదు.

ఆ తొట్టి డెస్లీ మొదటి భర్త కీత్ హాకింగ్స్‌ది. ఆరడుగుల పొడవు, హాలు మొత్తానికి అదే యజమాని అన్నట్టుంటుంది. ఆ ఊరి మంచినీటి చేపల సంఘానికి ఒక ఆచారం ఉంది: ఏటా మే నెలలో న్యాయనిర్ణేతలు వ్యాన్ వేసుకుని సభ్యుల ఇళ్ళకి తిరిగి, హాల్లో నిలబడి, టీ కూడా పుచ్చుకోకుండా తొట్టికి మార్కులేస్తారు. కీత్ ఇరవై ఆరేళ్ళు పోటీలో నిలబడ్డాడు. పదకొండుసార్లు రెండో బహుమతి, మొదటిది ఒక్కసారీ లేదు. నాలుగేళ్ళ కిందట ఒకనాడు తొట్టి ముందు కుర్చీలో కూర్చుని మేత డబ్బా మూత తీస్తూ తీస్తూ ఒరిగిపోయాడు, పాపం. ఆ కుర్చీ అక్కడే ఉంది, అందులో ఎవరూ కూర్చోరు. గోడమీద ఫోటోలో రెండో బహుమతి రిబ్బను పట్టుకుని, చీపురుకట్టలాంటి మీసంతో, నవ్వకుండా ఉంటాడు.

మొదటిరోజు సాయంత్రం నాలుగింటికే మంచువల్ల చీకటి కమ్మింది. డెస్లీ చెప్పినట్టు లిండ్సే తొట్టి దీపం ఆర్పాడు. ఆర్పిన మరుక్షణం ఆ నీళ్ళలోంచి, ఎవరో గాజు మీద గోటితో మీటినట్టు, "టక్" మంది.

అతను కుర్చీ వంక చూశాడు. కుర్చీ ఖాళీగానే ఉంది. అయినా దీపం మళ్ళీ వేశాడు. పగలే కాదు, ఇంక రాత్రిళ్ళు కూడా ఆ దీపం ఆర్పే ప్రసక్తి లేదని ఆ క్షణంలోనే నిర్ణయించుకున్నాడు. చచ్చిన మనిషి కుర్చీ పక్కన వెలుతురు ఉంటే ఎవరికి నష్టం?

మర్నాడు ఉదయం కీత్ చేపల్లో పెద్దది అడుగున పక్కకి ఒరిగి పడి ఉంది. అవి జానెడు పొడుగున, నారింజ రంగు ఒంటిమీద నల్లటి పట్టెలతో పులిపిల్లల్లా ఉంటాయి. ఇరవై రెండేళ్ళ చేప. రెప్పలేని కన్ను పైకి చూస్తోంది. కదలిక లేదు. లిండ్సే గాజు తట్టినా లేవలేదు. "అయిపోయిందిరా దేవుడా, ఒక్కరోజులో చంపేశాను" అనుకుని, కనీసం మర్యాదగా పూడుద్దామని బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసి, పెరట్లో నిమ్మచెట్టు కింద గొయ్యి తవ్వాడు.

"ఎవరికోసం నాయనా ఆ గొయ్యి?" మంచులోంచి గొంతు వినబడింది. కంచె అవతల పక్కింటి ఒరియెల్‌గారి తల ఒక్కటే తేలుతోంది. ఎనభై మూడేళ్ళ మనిషి. నెలనెలా ఆత్మలతో మాట్లాడే కూటానికి వెళ్ళొస్తుంటుంది.

"ఎవరికీ కాదండీ."

"ఎవరికీ కాకపోతే ఎందుకు తవ్వినట్టు?"

లిండ్సే వినబడనట్టు వెనక్కి తిరిగాడు. డబ్బా పట్టుకుని లోపలికి వెళ్ళేసరికి చేప నిటారుగా లేచి, గాజుకి మొహం ఆనించి, అతనికోసమే చూస్తున్నట్టుగా నిలబడి ఉంది. డబ్బా అతని చేతిలోంచి జారిపోయింది. గొయ్యి పూడ్చకుండా వదిలేశాడు. ఎప్పుడు ఎవరికి అవసరమౌతుందో ఎవరు చెప్పొచ్చారు?

అయిదో రోజుకి తొట్టి పచ్చబడింది. ముందు గాజు మీద లేత పొరలా వచ్చింది, తర్వాత నీళ్ళే బఠానీ రసంలా మారాయి. రాత్రింబవళ్ళు దీపం వెలిగితే పాచి పట్టక పన్నీరు ఊరుతుందా? కానీ లిండ్సేకి ఆ సంగతి తెలియదు. ఆ ఆకుపచ్చ వెలుగు గోడలమీద, కుర్చీ మీద, ఫోటోలో కీత్ మీసం మీద పడి హాలంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. పచ్చదనం లోంచి చారలు ఒకసారి కనిపించి మాయమౌతున్నాయి. మధ్యమధ్య "టక్". భయంవేసి అతను హాల్లో దీపం కూడా వేశాడు.

ఊళ్ళో పెంపుడు చేపల దుకాణం ఒక్కటే, గ్వెండా స్లోన్‌ది. చిక్కేమిటంటే ఆవిడే సంఘం కార్యదర్శి, పైగా న్యాయనిర్ణేత. కీత్ తొట్టి అయిదురోజుల్లో పాచి పట్టిందని ఆవిడ చెవిన పడితే సాయంత్రంలోగా వార్విక్‌లో డెస్లీ చెవిన పడుతుంది. అందుకని లిండ్సే జీవితంలో మొదటిసారి అబద్ధమాడటానికి సిద్ధపడ్డాడు.

"పాచి తినేవి కావాలి. నాక్కాదు. మా స్నేహితుడికి."

"ఏం చేపలున్నాయి ఆ స్నేహితుడి దగ్గర?" అంది గ్వెండా కళ్ళద్దాల మీంచి చూస్తూ.

"ఏవో... చిన్నవి" అని చిటికెనవేలు చూపించాడు.

"చూడు లిండ్సే. పాచి తినేవాటిని తెచ్చి పడేస్తే ఇంక తొట్టి కడిగే పని తప్పుతుందనుకుంటారు అందరూ. అవీ తింటాయి, అవీ దొడ్డికెళ్తాయి. నీళ్ళు మార్చేది మనమే, గాజు గీకేది మనమే. ఇవి మిగిలిన కాస్తా సర్దిపెడతాయంతే. ఏ చేపల పక్కన ఏవి వెయ్యాలో చూసుకుని వెయ్యాలి. దీపం ఎంతసేపు వేస్తాడు మీవాడు?"

"అప్పుడప్పుడు."

"అయితే నత్తలు చాలు. చిన్న చేపలైతే వాటి జోలికి పోవు" అని పన్నెండు నత్తల్ని సంచిలో వేసి ఇచ్చింది.

లిండ్సే పన్నెండింటినీ గాజు మీద వరసగా అంటించి, ప్రాణం కుదుటపడి పడుకున్నాడు. తెల్లారి చూస్తే గులకరాళ్ళ మీద పన్నెండు పెంకులు. శుభ్రంగా, మెరుస్తూ, ఖాళీగా. లోపల నత్త అన్న పదార్థం లేదు. మూడుసార్లు లెక్కపెట్టాడు. కీత్ చేపలు మూడూ పొట్టలు పైకి కనబడేట్టు పక్కకి ఒరిగి శవాల్లా పడి ఉన్నాయి. చచ్చినట్టు పడుకున్నవి నత్తల్నెలా తింటాయి? మరి ఎవరు తిన్నట్టు? వెనకనుంచి కుర్చీ కిర్రుమన్నట్టనిపించింది. అతను వెనక్కి తిరగకుండానే, గోడ వెంట పక్కపక్కకి నడుస్తూ వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

"నత్తలేమయ్యాయి?" అంది గ్వెండా, అతను రెండోసారి దుకాణానికి వెళ్ళినప్పుడు.

"వెళ్ళిపోయాయి."

"ఎక్కడికి?"

"తెలీదు. పెంకులు వదిలేసి వెళ్ళాయి."

గ్వెండా కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "నత్త పెంకు వానకోటనుకుంటున్నావటయ్యా, విప్పి వంకెకి తగిలించి వెళ్ళడానికి? ఏం తాగావు పొద్దున్నే?"

"టీ."

ఆవిడ అతని మొహం చూసి జాలిపడింది. వెనక తొట్టిలోంచి రెండు చేపల్ని వలతో పట్టింది. మచ్చల మచ్చల నల్లటి ఒళ్ళు, గాజుకి అతుక్కునే గుండ్రటి నోరు. మగదానికి ముక్కుమీంచి పైకి ముళ్ళలాగా, కొమ్మల్లాగా బోలెడు మీసాలు. "మీసాల జెల్లలు. పాచికి వీటిని మించినవి లేవు. కొరుక్కోడానికి చెక్కదుంగ ఉండాలి, దూరి పడుకోడానికి గుల్ల ఉండాలి. రోజుకొక కీరకాయ ముక్క, అదీ చిన్నది. ఎక్కువ పెట్టావా, పాచి మొహం చూడవు, పెళ్ళివారిలా కూర్చుని అదే తింటాయి. విన్నావా?"

విన్నాడు. గుల్లపడ్డ చెక్కదుంగ కీత్ తొట్టిలో ముందునుంచే ఉంది. కానీ ఇంటికొచ్చిన జీవాల్ని అర్ధాకలితో ఉంచడం లిండ్సే పెంపకంలో లేదు. కీత్ సామాను డబ్బాలో గాజుకి అంటుకునే రబ్బరు బిళ్ళలు మూడు దొరికాయి. నడుం నొప్పివల్ల వంగలేక, తన కళ్ళ ఎత్తున రెండు బిళ్ళలు అంటించి చెరొక గుండ్రటి కీరకాయ చక్రం గుచ్చాడు, మగదానికొకటి, ఆడదానికొకటి. పాతకాపులు చిన్నబుచ్చుకుంటాయని కింద మూడో బిళ్ళ అంటించి పొడుగాటి చీలిక ఒకటి తగిలించాడు. ముక్కలు మార్చాడే తప్ప బిళ్ళలు కదపలేదు. వారం రోజులు జెల్లలు ఆ మూడుచోట్లే అతుక్కుని మేశాయి. తొట్టి మిగతాదంతా ఇంకా పచ్చబడుతూనే ఉంది.

బుధవారం ఉదయం కిటికీ అవతల లోకమే లేదు, అంతా తెల్లగా ఉంది. లిండ్సే బిళ్ళలు జిగురు పట్టాయని మూడూ ఊడదీసి సింకులో పడేసి, చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి నిలబడిపోయాడు.

పాచిలోంచి మొహమొకటి అతన్ని చూస్తోంది.

రెండు గుండ్రటి కళ్ళు. వాటిలోంచి లోపలి దీపం వెలుగు తిన్నగా అతని మీద పడుతోంది. కింద పొడుగాటి నోరు, నవ్వకుండా. అంతలో మగ జెల్ల ఎక్కణ్ణుంచో తేలుతూ వచ్చి ఆ కళ్ళకీ నోటికీ మధ్య తలకిందులుగా అతుక్కుంది. దాని మీసాలు రెండు వైపులా చీపురుకట్టలా పరుచుకున్నాయి. లిండ్సే గోడమీది ఫోటో చూశాడు. మళ్ళీ తొట్టి చూశాడు. అతను మర్యాదస్తుడు, ఏం చెయ్యాలో తోచక, "గుడ్ మార్నింగ్, కీత్" అన్నాడు.

"టక్" మంది తొట్టి.

సరిగ్గా అప్పుడే వెనక తలుపు తోసుకుని, గుమ్మడికాయ స్కోన్లనే చిట్టి రొట్టెల పళ్ళెంతో ఒరియెల్‌గారు లోపలికి వచ్చింది. పళ్ళెం కింద పెట్టలేదు, కేక వెయ్యలేదు. కళ్ళు చికిలించి చూసి, "వచ్చావా కీత్, నువ్వొస్తావని నాకు తెలుసు" అంది.

"మీకూ కనిపిస్తున్నాడా?" అన్నాడు లిండ్సే. తనకొక్కడికే పిచ్చి పట్టలేదన్న సంతోషం, పట్టకపోతే ఇది నిజమేనన్న భయం, రెండూ ఒకేసారి కలిగాయి.

"ఎందుకు కనబడడు నాయనా? మీసంతో సహా వచ్చాడు. ఏదో చెప్పుకోవాలని వచ్చాడు. నువ్వలా పక్కకి జరుగు, నేను అడుగుతాను."

పెద్దమనిషిని ఉత్తినే నిలబెట్టకూడదని కాబోలు, లిండ్సే మేత డబ్బా తీసి గుప్పెడు నీళ్ళలో చల్లాడు. పచ్చదనంలో ఎక్కడో చారలు గిర్రున తిరిగాయి.

"కీత్ హాకింగ్స్!" అంది ఒరియెల్‌గారు, ఫోనులో దూరప్రాంతం వాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా. "డెస్లీ ఈ అబ్బాయిని చేసుకోవడం నీకు ఇష్టం లేకపోతే రెండుసార్లు కొట్టు!"

చూరుమీంచి మంచు నీరు బొట్టు పడ్డ చప్పుడు కూడా వినబడింది.

"టక్. టక్."

లిండ్సే ఆవిడ వెనక్కి నక్కాడు. "ఇంకోసారి అడగండి. ఇష్టమైతే ఒకసారి కొట్టమనండి. ఆయన సరిగా వినుండడు."

అడిగింది. ఈసారి "టక్ టక్ టక్ టక్ టక్" మని వరసగా కొట్టింది.

"చూశావా, కోపం వచ్చింది" అంది ఒరియెల్‌గారు. "ఇంక అడక్కు. చల్లారకముందే ఒక స్కోన్ తిను."

ఆవిడ వెళ్ళిపోయాక లిండ్సే మంచం మీది దుప్పటి తెచ్చి, కళ్ళు మూసుకుని తొట్టి మీద కప్పేశాడు. దీపం ఆర్పాడు, మొదటి సాయంత్రం తర్వాత ఇదే మొదటిసారి. మొహం కనబడటం కన్నా చీకటే నయమనిపించింది. ఆ పైన మూడురోజులు హాల్లో కాలు పెట్టలేదు, మేత వెయ్యలేదు, కీరకాయ కొయ్యలేదు. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని గోడ అవతలి చప్పుళ్ళు వింటూ గడిపాడు. ఇప్పుడు "టక్"కి తోడు కొత్తది మొదలైంది: గర్ర్... గర్ర్... ఎవరో గాజుని లోపల్నుంచి ఓపిగ్గా గీకుతున్నట్టు. బయటికి వచ్చే దారి చేసుకుంటున్నాడు కీత్, సందేహం లేదు.

శుక్రవారం మధ్యాహ్నం అతను కాగితం తీసుకుని డెస్లీకి ఉత్తరం రాశాడు. నాలుగు కాగితాలు చింపాక అయిదోదాని మీద ఇంతే మిగిలింది: "డెస్లీ, కీత్ ఒప్పుకోవడం లేదు. నేనడిగాను. నీ ఇంట్లో నీకు శాంతి లేకుండా చెయ్యడం నావల్ల కాదు. నేను వెళ్ళిపోతున్నాను. నిన్ను ప్రేమించాను, ఇప్పుడు కూడా. లిండ్సే." రాసి, మడిచి, బల్లమీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపులో సిగ్గుపడేదేమీ లేదు. అంత వయసు వచ్చాక దొరికిన మనిషి, ఒక చచ్చిన మనిషి అభ్యంతరం వల్ల పోతుంటే ఎవరు ఏడవరు?

శనివారం పదింటికి సంఘం వ్యాన్ మంచులోంచి పసుపు దీపాలతో వచ్చి ఆగింది. గ్వెండా దిగింది, ఇంకో ఇద్దరు న్యాయనిర్ణేతలు దిగారు, దారిలో బస్‌స్టాండు దగ్గర ఎక్కించుకున్న డెస్లీ దిగింది. గేటు దగ్గర లిండ్సే పెట్టెతో నిలబడి ఉన్నాడు. కంచె మీద ఒరియెల్‌గారి తల సిద్ధంగా ఉంది.

"ఎక్కడికి బయల్దేరావు?" అంది డెస్లీ.

ఉత్తరం చేతికిచ్చాడు. ఆవిడ అక్కడే నిలబడి చదివింది. రెండోసారి చదివింది.

"కీత్ కనిపించాడా?"

"పాచిలో. మీసంతో."

"నేనూ చూశాను తల్లీ! పెళ్ళి వద్దని కొట్టి మరీ చెప్పాడు" అంది కంచె మీది తల.

"లిండ్సే, నా మొహం చూసి చెప్పు. అతను నీవైపు చూశాడా?"

"తిన్నగా. కళ్ళల్లోకి."

"ఎంతసేపు?"

"నేను దుప్పటి కప్పేదాకా."

డెస్లీ ఉత్తరం మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. "అయితే అది కీత్ కాదు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నాకు తెలిసింది అతని వీపు, మెడ వెనక పుట్టుమచ్చ. భోంచేస్తూ తొట్టి వంకే, మాట్లాడుతూ తొట్టి వంకే. నేను జుట్టు కత్తిరించుకుని వస్తే పదకొండు రోజులకి తెలిసింది, అదీ గాజులో నా నీడ పడితే. నిజంగా కీత్ దెయ్యమే వచ్చుంటే నీకు వీపు కనబడాలి, మొహం కాదు. పద లోపలికి."

అందరూ హాల్లోకి వెళ్ళారు. లిండ్సే గుమ్మం దాటలేక దాటాడు. గ్వెండా దుప్పటి అంచు పట్టుకుని ఒక్క లాగు లాగి దీపం వేసింది.

నీళ్ళు లేవేమో అన్నంత తేటగా ఉన్నాయి. గాజు మీద పాచి మచ్చుకి లేదు, కళ్ళు లేవు, నోరు లేదు. చెక్కదుంగ తోమినట్టు మెరుస్తోంది. అడుగున కీత్ చేపలు మూడూ వరసగా, పక్కకి ఒరిగి, రెప్పలేని కళ్ళు పైకి పెట్టి పడి ఉన్నాయి.

"చచ్చిపోయాయి" అన్నాడు లిండ్సే. ఇంక దాచేదేముంది? డెస్లీ ఎలా భరిస్తుందో అని ఆవిడ మొహం చూశాడు. అక్కడ దుఃఖం కనబడలేదు. మూట దించిన కూలీ ఊపిరి వదిలినట్టు వదిలింది ఆవిడ. భుజాలు కిందికి జారాయి. పెదవుల చివర్న సన్నగా నవ్వులాంటిది కూడా కదిలింది.

"టక్" మంది పెద్ద చేప, లేచి ఒళ్ళు విరుచుకుని మేత కోసం పైకి వచ్చింది. వెనకే మిగతా రెండూ లేచాయి.

"ఛ!" అంది డెస్లీ.

గ్వెండా పగలబడి నవ్వింది. "లిండ్సే, మీ స్నేహితుడి తొట్టి ఇదేనా! ఓరి నీ ఇల్లు బంగారం కానూ! ఈ చారల చేపలు ఇలాగే పడుకుంటాయి, వాటి నిద్ర అంతే. హుషారెక్కినా, మేతకి లేచినా టక్కుటక్కుమంటాయి, నత్తల్ని జీడిపప్పులా లాగించేస్తాయి. నువ్వు చిటికెనవేలు చూపించావు కదయ్యా నాకు! ఇంతకీ ఆ మొహం ఎక్కడ కనబడింది?"

లిండ్సే చూపించాడు. కీరకాయ ముక్కలు ఎక్కడ పెట్టావంది. అక్కడే అన్నాడు. రెండు పైన, ఒకటి కింద. చెబుతూ చెబుతూ అతనే ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మరి గీకిన చప్పుడు?" అన్నాడు.

"మూడురోజులు కూడు లేకపోతే జెల్లలు ఏం చేస్తాయి? గాజు నాకాయి, దుంగ నాకాయి. చీకట్లో పచ్చనీళ్ళు వాటంతటవే తేరుకున్నాయి. సంఘంలో ఇరవై ఏళ్ళున్నవాళ్ళకి కూడా చెయ్యడానికి ధైర్యం చాలని పని, నువ్వు భయంతో చేసేశావు" అని గ్వెండా కాగితం మీద మార్కులు వెయ్యడం మొదలుపెట్టింది.

కంచె దగ్గర్నుంచి హాలు దాకా వచ్చేసిన ఒరియెల్‌గారు, "అయితే పెళ్ళికి కీత్‌కి అభ్యంతరం లేనట్టేనా?" అంది కొంచెం నిరాశగా.

ఎవరూ పట్టించుకోలేదు. లిండ్సే డెస్లీనే చూస్తున్నాడు. "అవి బతికున్నాయని తెలిసి నువ్వు ఛ అన్నావు" అన్నాడు.

డెస్లీ వెళ్ళి, నాలుగేళ్ళుగా ఎవరూ కూర్చోని ఆ కుర్చీలో కూలబడింది.

"ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటిసారే నాచేత ఒట్టు వేయించుకున్నాడయ్యా. చివరి చేప బతికున్నంతకాలం తొట్టి ఇక్కణ్ణుంచి కదపకూడదని. ఏడాదో రెండేళ్ళో అనుకున్నాను. అవి నలభై ఏళ్ళయినా బతుకుతాయని అతను పోయాక చెప్పింది గ్వెండా. ఒట్టు తప్పడానికి మనసు రాదు. చంపడానికి చేతులు రావు. ఈ టకటకల మధ్య నిన్ను తీసుకొచ్చి మళ్ళీ కాపురం పెట్టడానికి నోరు రాదు. అప్పుడు నీ చేతి సంగతి గుర్తొచ్చింది. జిల్లేడు మొక్క కూడా నీ చేతిలో బతకదని నువ్వే చెప్పావు కదా! పదహారు రోజులు నీకు వదిలేసి వెళ్తే దేవుడే చూసుకుంటాడనుకున్నాను." ఆవిడ తొట్టి వంక చూసి, మళ్ళీ అతని వంక చూసింది. "నిన్ను ఎంత నమ్మి వెళ్ళాను లిండ్సే!"

"క్షమించు" అన్నాడతను. మనస్ఫూర్తిగానే అన్నాడు. "నీకోసమని చాలా కష్టపడ్డాను."

డెస్లీ ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది, చివరికి రెండూ కలిపేసింది. "దెయ్యముందని అనుకుంటూ కూడా పదమూడురోజులు పారిపోకుండా వాటికి మేత వేశావా? నాకోసం?"

"నువ్వు తొట్టి చూసి జవాబు చెప్తానన్నావు కదా."

"పెట్టె లోపల పెట్టు. సరే. విన్నావా? సరే అంటున్నాను. తొట్టి ఉంటే ఉండనీ, కుర్చీ మాత్రం వంటింటివైపు తిప్పుతాం."

లిండ్సే పెట్టె తెద్దామని గేటు దాకా వెళ్ళాడు. ఎందుకెళ్ళాడో మరిచిపోయి ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు.

ఈలోగా గ్వెండా టార్చిలైటు పట్టుకుని దుంగ గుల్లలోకి చూస్తోంది. చాలాసేపు చూసింది. మిగతా ఇద్దర్నీ పిలిచి చూపించింది. ముగ్గురూ గుసగుసలాడుకుని, కాగితం మీద ఇంకో పది మార్కులు కలిపారు.

"మొదటి బహుమతి" అంది గ్వెండా. "ఇరవై ఆరేళ్ళు కీత్ తల పగలగొట్టుకున్నా రానిది. వారంపాటు మంచి తిండి, తర్వాత చీకటి, ఎవరూ కదిలించకపోవడం. మీసాల జెల్లకి ఇంతకంటే ఏం కావాలి? మగాడు లోపల పిల్లల్ని కాపు కాస్తున్నాడు."

"ఎన్ని?" అంది డెస్లీ, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని.

"నూటపాతిక పైనే ఉంటాయి. చక్కగా చూసుకుంటే పదేళ్ళు ఢోకా లేదు."

ఆగస్టులో వాళ్ళ పెళ్ళి చర్చి పక్క హాల్లో జరిగింది. నలభైమంది వచ్చారు. భోజనాలయ్యాక డెస్లీ తెల్లగౌనుతోనే గుమ్మం దగ్గర నిలబడి, జెల్లపిల్లలు ఈదుతున్న నీళ్ళ సంచులు ఒక్కొక్కరి చేతిలో పెట్టి పంపించింది. వద్దన్నవాళ్ళకి రెండిచ్చింది.